బయాప్సీలో ‘ఎటిపియా’ అని వచ్చిందా? ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టకండి, ముందు మీ బయాప్సీ ముక్కల బ్లాకులు తీసుకోండి

మామోగ్రామ్ తర్వాత బయాప్సీ చేయించుకుని రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇది తప్పకుండా చదవండి.

నా రిపోర్టులో ‘ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా’ అని వచ్చింది. పొట్టిగా ఎటిపియా అంటున్నాను. ఇది క్యాన్సర్ కాదు. పాలనాళాల్లో కణాలు ఎక్కువగా, కొంచెం తేడాగా పెరిగాయన్నమాట. ఇది ఉన్నవాళ్లకు ముందుముందు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు 4 రెట్లు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు ఏళ్ల తరబడి గమనిస్తే, 25 ఏళ్లలో నూటికి 30 మందికి వచ్చింది. అంటే 70 మందికి రాలేదు. నేను వెళ్లిన హైదరాబాద్ ప్రైవేటు ఆసుపత్రిలో ఈ రెండో లెక్క ఎవరూ చెప్పలేదు.

డాక్టరు గారు రిపోర్టు చూసి రెండు ముక్కలు మాట్లాడి పక్క గదికి పంపారు. అక్కడున్నామె డాక్టరు కాదు, ‘పేషెంట్ కౌన్సెలర్’. పెట్ స్కాన్, సీఏ 15-3 రక్తపరీక్ష, జన్యుపరీక్ష, రెండు రొమ్ములూ తీసేసే ఆపరేషన్, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అంటూ కాగితం ముందు పెట్టింది. అసలు ధర ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన తగ్గించిన ధర, కింద ‘శనివారం వరకే’. “లేట్ చేస్తే మీ ఇష్టం మేడమ్, పిల్లలున్నారు కదా” అంది. మా ఆయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్కడికక్కడే కార్డు తీసి అడ్వాన్స్ కట్టేశారు. రసీదు మీద ‘సర్వీస్ ఛార్జీలు’ అని తప్ప దేనికో రాయలేదు. మర్నాడు డబ్బు వెనక్కి అడిగితే రిఫండ్ ఉండదన్నారు.

ఆ ప్యాకేజీలో ఏముందో చూడండి. పెట్ స్కాన్ క్యాన్సర్ ఎంతదాకా పాకిందో చూడటానికి చేసేది. క్యాన్సరే లేనిచోట దానితో పనేముంది? సీఏ 15-3 పరీక్షతో రొమ్ము క్యాన్సర్ ఉందో లేదో తేల్చరు. జన్యుపరీక్ష కుటుంబ చరిత్రను బట్టి ఆలోచించాల్సిన విషయం, మా వైపు ఎవరికీ ఈ జబ్బు లేదు. ఇక రెండు రొమ్ములూ తీసేయడం అనేది ఒక్క ఎటిపియా కారణంగా మామూలుగా చేసే పని కానే కాదు. భయంలో ఉన్న మనిషి ముందు ఆ మాట ఎత్తడమే అన్యాయం.

నిజంగా చేయాల్సింది వేరే ఉంది. సూదితో తీసేది చిన్న చిన్న ముక్కలే కాబట్టి, పక్కన క్యాన్సర్ దాగి ఉండొచ్చు. కొందరిలో అలా బయటపడుతుంది కూడా. అందుకే చాలాసార్లు ఆ చోటు వరకే, సన్నని తీగతో గుర్తు పెట్టి, చిన్న ఆపరేషన్‌తో తీసి మళ్లీ పరీక్షిస్తారు. తర్వాత క్రమం తప్పకుండా చెకప్‌లు. టామోక్సిఫెన్ మాత్ర గురించి కూడా అడగండి. 1998లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఎటిపియా ఉన్నవాళ్లలో అది క్యాన్సర్ ముప్పును 86 శాతం తగ్గించింది. వేడి ఆవిర్లు, రక్తం గడ్డకట్టడం, గర్భసంచి క్యాన్సర్ లాంటి ఇబ్బందులు కూడా ఉన్నాయి కాబట్టి డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిన మందు అది.

వీటన్నిటికంటే ముందు రెండో పాథాలజిస్టుకు, అంటే బయాప్సీ ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి రిపోర్టు ఇచ్చే ఇంకో డాక్టరుకు, చూపించండి. 2015లో అమెరికాలో 115 మంది పాథాలజిస్టులకు స్లైడ్లు (ముక్కల పలుచని పొరలు అంటించిన గాజుపలకలు) ఇస్తే, ఎటిపియా విషయంలో నిపుణుల నిర్ణయంతో కలిసింది 48 శాతమే. అంటే రెండో అభిప్రాయం అడగడం ఏ డాక్టరునీ అవమానించడం కాదు. మా ఆసుపత్రివాళ్లు “బ్లాకులు బయటికి ఇవ్వం” అని భీష్మించుకున్నారు. రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ మాట రాసి, సంతకం పెట్టి, అందినట్టు స్టాంపు వేయించుకున్నాక రికార్డులతోపాటు బ్లాకులు, స్లైడ్లు కూడా చేతికొచ్చాయి. బ్లాకు అంటే మైనంలో పొదిగిన మీ ముక్క, చిన్న ప్లాస్టిక్ గూడులో ఉంటుంది. దాని అంచు మీద నంబరు ఉంటుంది. అది మీ రిపోర్టులోని బయాప్సీ నంబరుతో కలుస్తుందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, బంజారాహిల్స్‌లో బసవతారకం లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇవి రోజూ చూసే పాథాలజిస్టులు ఉంటారు.

ఒక్క జాగ్రత్త. రిపోర్టులో ‘డక్టల్ కార్సినోమా ఇన్ సిటూ’ (పాలనాళాల్లోనే ఉండి, ఇంకా బయటికి పాకని తొలిదశ క్యాన్సర్) అని ఉంటే లెక్క వేరు, దానికి వైద్యం కావాలి. ఎటిపియా అయినా నెలల తరబడి పక్కన పెట్టకండి. కొన్ని వారాల్లో అన్నీ కనుక్కుని నిర్ణయం తీసుకునే వ్యవధి ఉంది, శనివారంలోపు తేల్చాల్సిన అవసరం మాత్రం లేదు. గడ్డ కరిగిస్తామని చూర్ణాలు అమ్మేవాళ్ల జోలికీ పోకండి. క్యాన్సర్ నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడం 1954 చట్టం ప్రకారం నేరం.

అడ్వాన్స్ గురించి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకూ ఇలా జరిగి ఉంటే రసీదు, ప్యాకేజీ కాగితం పారేయకుండా ఫోటో తీసి పెట్టుకుని ఫోన్ చేయండి.