తరంగ తొట్టి: కొన్నేళ్ల బోధన తర్వాత ఒక సమీక్ష

తరంగాల పాఠానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న పరికరం తరంగ తొట్టి. గాజు అడుగు గల లోతులేని తొట్టి, నీటిని తాకుతూ కంపించే పట్టీ, దాన్ని కదిలించే చిన్న మోటారు, పైన దీపం, కింద తెల్ల కాగితం, ఇంతే దీని నిర్మాణం. అలల శృంగాలు (ఎత్తైన భాగాలు) కుంభాకార కటకాల్లా కాంతిని కేంద్రీకరిస్తాయి కాబట్టి కాగితం మీద వెలుగు గీతలుగానూ, ద్రోణులు (పల్లపు భాగాలు) చీకటి గీతలుగానూ కనిపిస్తాయి.

దీని అసలు విలువ వక్రీభవనం దగ్గర తెలుస్తుంది. గాజులోకి ప్రవేశించే కాంతి వంగుతుందని విద్యార్థులందరూ చెబుతారు గానీ, ఎందుకు వంగుతుందని అడిగితే తరగతి నిశ్శబ్దమైపోతుంది. అంచు అలలకు ఏటవాలుగా ఉండేలా ఒక గాజు పలకను తొట్టిలో పరిచి, దానిపై నీరు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా చూస్తే, పలక మీదికి ముందుగా చేరిన తరంగాగ్ర (ముందుకు సాగే అల గీత) భాగం నెమ్మదిస్తుంది. లోతు నీటిలో ఉన్న భాగం పాత వేగంతోనే సాగడంతో గీత మొత్తం పక్కకు తిరుగుతుంది. గీతలు దగ్గరపడతాయి, అంటే తరంగదైర్ఘ్యం (వరుస శృంగాల మధ్య దూరం) తగ్గింది; మోటారు మారలేదు గనుక పౌనఃపున్యం (సెకనుకు పుట్టే అలల సంఖ్య) మారలేదు. ఆ తర్వాత, కాంతి వేగం శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, మామూలు గాజులో సుమారు 2 లక్షలు అని చెబితే, మిగతా తర్కాన్ని వాళ్లే పూర్తిచేస్తారు. ఈ ఒక్క ప్రయోగం కోసమైనా తొట్టి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

వివర్తనం (చీలిక దాటాక అలలు విప్పారడం), వ్యతికరణం (రెండు అలలు కలిసి బలపడడం లేదా రద్దవడం) కూడా చక్కగానే కనిపిస్తాయి. చీలిక వెడల్పు తరంగదైర్ఘ్యానికి దగ్గరైనప్పుడే అలలు బాగా విప్పారుతాయని చూశాక, దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లే కనుక అది కిటికీ దగ్గర ఎందుకు అలా విప్పారదో వివరించడం తేలిక.

లోపాలూ ఉన్నాయి. తొట్టితో వచ్చిన స్పాంజి పట్టీలు త్వరగా పాడయ్యాయి. అవి లేకపోతే గోడల నుంచి పరావర్తనం చెందిన అలలు చిత్రాన్ని చెరిపేస్తాయి. దీపం బిందువులా చిన్నదైతే తప్ప గీతలు స్పష్టంగా పడవు. అనుదైర్ఘ్య తరంగాలను (కణాలు తరంగం సాగే దిశలోనే ముందుకూ వెనక్కూ ఊగేవి) ఇందులో చూపలేము; వాటికి పొడవైన స్ప్రింగు కావాలి. ఒక చుట్టకు రంగు దారం కట్టి స్ప్రింగును ముందుకు నెడితే, సంపీడనం (చుట్టలు దగ్గరపడిన భాగం) చివరి దాకా వెళ్తుందని, దారం మాత్రం ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతుందని కంటికి కనబడుతుంది.

నీటిని చూసి కాంతికీ యానకం (తరంగాన్ని మోసే పదార్థం) అవసరమని విద్యార్థులు అనుకునే ప్రమాదం ఉంది గనుక, సూర్యకాంతి శూన్యం గుండానే మనల్ని చేరుతోందని వెంటనే చెప్పడం తప్పనిసరి. ధ్రువణానికి (కాంతి కంపనాలు ఒకే దిశకు పరిమితం కావడం) తొట్టి పనికిరాదు. రెండు పోలరాయిడ్ పలకలను ఒకదానిపై ఒకటి ఉంచి తిప్పి చూపాలి.