పాత డక్‌టేల్స్, కొత్త డక్‌టేల్స్: నా ఓటు దేనికంటే

చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం డిస్నీ వాళ్ల బాతుల కార్టూన్ సిరీస్ డక్‌టేల్స్ హిందీలో వచ్చేది. మాకు హిందీ అంతంత మాత్రమే. అయినా కోటీశ్వరుడైన బాతు అంకుల్ స్క్రూజ్ బంగారు నాణేల గుట్టలోకి దూకి ఈత కొడుతుంటే భాషతో పనేముంది! 1987లో అమెరికాలో మొదలైన ఆ సిరీస్‌ను డిస్నీ 2017లో మళ్లీ కొత్తగా తీసింది. చూసే ముందు కాస్త టెన్షన్ పడ్డాను.

బొమ్మల విషయంలో పాతదే నాకు ముద్దు. ఆ గుండ్రటి గీతల మెత్తదనం కొత్తదాంట్లో లేదు, అంతా కోసుగా ఉంటుంది.

పిల్లల దగ్గరికొస్తే మాత్రం పాతది దీనికి సాటిరాదు. అప్పట్లో ముగ్గురు బాతు పిల్లలు హ్యూయీ, డ్యూయీ, లూయీలను బట్టల రంగు చూసి గుర్తుపట్టేవాళ్లం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ముగ్గురికీ రస్సీ టేలర్ ఒక్కరే గొంతు ఇచ్చారు. ఇప్పుడు ముగ్గురివీ మూడు గొంతులు, మూడు స్వభావాలు. హ్యూయీ గైడ్ పుస్తకం వదలడు, లూయీ కళ్లన్నీ డబ్బు మీదే. వాళ్ల మేనమామ డొనాల్డ్ కూడా అప్పట్లా నేవీకి వెళ్లిపోకుండా ఇంట్లోనే ఉంటాడు.

అన్నిటికన్నా పెద్ద తేడా ఈ పిల్లల అమ్మ. పాతదాంట్లో ఆవిడ ఊసే దాదాపు లేదు. కొత్తదాని మొదటి కథ చివర్లో డ్యూయీ ఒక పాత పెయింటింగ్ ముందు నిలబడతాడు. మడిచి ఉన్న మూల విప్పితే స్క్రూజ్, డొనాల్డ్‌ల పక్కన ఇంకొకరు. "అమ్మా?" అంటాడు. నాకు గొంతు పట్టేసింది. ముప్పై ఏళ్లుగా నేనూ అడగని ప్రశ్న అది.