మరుగున పడిన క్రియాశీల గెలాక్సీలు: కంటితో వెతకడమా, పరారుణ పట్టికతోనా?

నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివేవారికి హబుల్ అంతరిక్ష టెలిస్కోపు పాత చిత్రాల్లో మరుగున పడిన క్రియాశీల గెలాక్సీలను, అంటే కేంద్రంలోని కృష్ణబిలం వాయువును మింగుతూ వెలిగే గెలాక్సీలను, వెతకడం కన్నా మంచి ప్రాజెక్టు నాకు తోచదు. మన పొరుగునే ఉన్న జపాల్-రంగాపూర్ వేధశాలలోని 48 అంగుళాల టెలిస్కోపు లాంటి నేల మీది టెలిస్కోపులకు మబ్బులు అడ్డు. హబుల్ పాత చిత్రాలకు ఆ బెడద లేదు, ఉచితంగానూ దొరుకుతాయి. వేరే పనికోసం తీసిన చిత్రం అంచున అలాంటి గెలాక్సీ ఎవరి కంటా పడకుండా ఉండిపోవచ్చు.

కంటితో వెతకడంలో గొప్ప బలం ఒకటుంది: ఎవరూ ఊహించనిది దొరుకుతుంది. 2007లో డచ్ ఉపాధ్యాయురాలు హానీ వాన్ ఆర్కెల్ సామాన్యులు గెలాక్సీ చిత్రాలను చూసి వర్గీకరించే గెలాక్సీ జూ వెబ్‌సైటులో, ఐసీ 2497 అనే గెలాక్సీ పక్కన వింత మబ్బును గుర్తించారు. ఆ గెలాక్సీ కేంద్రం ఒకప్పుడు క్వేసార్‌గా, అంటే అతి ప్రకాశవంతమైన క్రియాశీల కేంద్రంగా, మండిందని ఆ మబ్బు వల్లే తెలిసింది. అయితే కేంద్రంలో మెరిసే చుక్క కేవలం దట్టమైన నక్షత్రాల గుంపు కావచ్చు. అసలైన కేంద్రం ధూళి వెనక దాగితే కంటికి చిక్కనే చిక్కదు.

ఆ ధూళినే సాక్ష్యంగా మార్చుకుంటుంది పరారుణ పద్ధతి. కృష్ణబిలం చుట్టూ వేడెక్కిన ధూళి 4.6 మైక్రాన్ల దగ్గర బాగా వెలుగుతుంది. ఆకాశాన్ని పరారుణ కాంతిలో చిత్రించిన వైజ్ ఉపగ్రహం పట్టికలో, 3.4 మైక్రాన్ల ప్రకాశాంకం (వెలుగు కొలత; అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) నుంచి 4.6 మైక్రాన్లది తీసేస్తే వచ్చే తేడా 0.8కి మించితే ఆ గెలాక్సీని అనుమానించాలి. వైజ్ చూపు మాత్రం మందం, సుమారు 6 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). ఆ వెలుగు పక్కపక్కనున్న రెండు గెలాక్సీల్లో దేనిదో తేల్చాలంటే హబుల్ చిత్రమే కావాలి.

పరారుణ వల నుంచి బలహీనమైన కేంద్రాలు జారిపోతాయి. చుట్టూ ఉన్న నక్షత్రాల వెలుగు వాటిని ముంచేస్తుంది. అలాంటి వాటికి ఒకే చోటును వేర్వేరు సంవత్సరాల్లో తీసిన హబుల్ చిత్రాలను పోల్చి, కేంద్రం వెలుగు మారిందేమో చూడాలి. కెమెరాలు మారి ఉంటాయి, సూపర్నోవాలు, అంటే పేలే నక్షత్రాలు, మోసగిస్తాయి. ఓపికతో పాటు లెక్కల్లో నైపుణ్యం కావాలి.

మొదటిసారి చేసేవారికి పరారుణ పట్టికే మేలని నా గట్టి అభిప్రాయం. ముందు అందులోంచి అనుమానితులను ఏరుకోవాలి, తర్వాత ఒక్కొక్కదాన్నీ హబుల్ చిత్రంలో కళ్లారా చూడాలి. ఆపైన లక్షలాది గెలాక్సీల వర్ణపటాలు నమోదు చేసిన స్లోన్ ఆకాశ సర్వేలో దాని వర్ణపటం ఉందేమో వెతకాలి. అక్కడ వెడల్పాటి హైడ్రోజన్ రేఖలు కనిపిస్తే అనుమానం దాదాపు రుజువైనట్టే.