హన్మకొండలో మూడేళ్ల ఎల్ఎల్‌బీ: తొమ్మిదేళ్ల వకాలత్ తర్వాత నా సమీక్ష

నేను 2013లో లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి హన్మకొండలోని ఒక లా కాలేజీలో మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాను. 2016లో పట్టా చేతికి వచ్చింది. అప్పటి నుంచి అదాలత్ సెంటర్ దగ్గరి జిల్లా కోర్టులోనూ, ఏటూరునాగారంలో గిరిజన భూముల కేసులు విచారించే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులోనూ, అవసరమైనప్పుడు హైదరాబాద్ వెళ్లి హైకోర్టులోనూ పనిచేస్తున్నాను. నా కక్షిదారుల్లో ఎక్కువ మంది ఫీజు ఇచ్చుకోలేని వారు. ప్రజల తరఫున వాదించే వకీలు కావాలంటే ఏ కాలేజీలో చేరాలని ఏటా లాసెట్ ఫలితాలు వచ్చాక ములుగు, మహబూబాబాద్ వైపు పిల్లలు అడుగుతుంటారు. వారి కోసమే ఇది రాస్తున్నాను. నేను చెప్పబోయే లోపాలు చాలా చోట్ల ఉన్నవే కనుక కాలేజీ పేరు రాయడం లేదు.

ప్రజా ప్రయోజన న్యాయవాదం అనగానే చాలామంది పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) గురించే ఆలోచిస్తారు. బీహార్ జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్న వారి గురించి పత్రికలో వచ్చిన వార్తలతో మొదలైన హుస్సేనారా ఖాతూన్ కేసు, ఉచిత న్యాయ సహాయం జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని 1979లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, మాకూ క్లాసులో చెప్పారు. అయితే మన జిల్లాల్లో ఈ పని చేసే వకీలు రోజూ చూసేది ఒక మనిషి, ఆ మనిషి చేతిలోని ఒక కాగితం. ఆ కాగితం ముందు విద్యార్థిని ఎన్నిసార్లు కూర్చోబెట్టింది అన్నదాన్ని బట్టే ఈ పనికి ఏ లా కాలేజీ విలువైనా కట్టాలని నా అభిప్రాయం.

ఆ లెక్కన మా కాలేజీకి తక్కువ మార్కులే పడతాయి. ప్రతి లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ నడవాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లోనే ఉంది. మాకు గోడ మీద బోర్డు ఉండేది, లోపల తాళం వేసిన బీరువా ఉండేది. మూడేళ్లలో ఆ గదిలోకి ఒక్క అర్జీదారు రావడం నేను చూడలేదు. డ్రాఫ్టింగ్ పేపరును గైడు చూసి చెప్పి రాయించారు. ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చుని చూసి రికార్డు రాయాలన్నది నియమం కాగా, పాత బ్యాచ్ రికార్డులు చేతులు మారుతూ వచ్చేవి. కోర్టు సైకిలు మీద వెళ్లేంత దూరంలోనే ఉండగా అలా జరగడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అయితే భూ చట్టాల పేపరు చెప్పిన మాస్టారికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఏజెన్సీ భూముల బదిలీని నియంత్రించే 1/70 చట్టాన్ని ఆయన మూడు వారాలు చెప్పారు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేస్తే, అమ్మింది గిరిజనుడైనా కాకపోయినా, ఎందుకు చెల్లదో, గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ఎందుకు ముందుగా భావిస్తుందో, సమత కేసులో 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రభుత్వాన్ని కూడా ఆ నిషేధం కిందికి ఎలా తెచ్చిందో బోర్డు మీద గీతలు గీసి వివరించారు. ఏటూరునాగారంలో నా మొదటి కేసును ఆ నోట్సుతోనే నడిపాను.

మిగతా చదువు కాలేజీ బయటే జరిగింది. మూడేళ్ల కోర్సులో పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామంది తెలిసిన వకీలు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని సరిపెట్టుకున్నారు. నేను 2015 వేసవిలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూర్చున్నాను. మనోవర్తి కోసం ఒక స్త్రీ వచ్చి పాలిథిన్ కవరులోంచి కాగితాలన్నీ బల్ల మీద పరిచి, "ఆదాయం సర్టిఫికెట్ ఒక్కటి ఇంకా రాలే బిడ్డా, నాలుగు వారాల సంది తిరుగుతున్న" అన్నది. ఎవరో చెప్పిన మాట నమ్మి కూలి పోగొట్టుకుని తిరిగింది. అక్కడి పెద్దాయన 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం తెరిచి 12వ సెక్షన్ నా చేత చదివించారు. స్త్రీకి, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం అందాలంటే ఆదాయంతో పని లేదు. ఆ సెక్షన్‌కు పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి, కానీ అది ఎవరి నాలుగు వారాల కూలిని కాపాడగలదో ఆ బల్ల దగ్గరే తెలిసింది.

ఇలాంటిదే మరొకటి. తాడ్వాయి మండలంలోని ఒక కోయ గూడెం పెద్దాయన పోడు భూమి దరఖాస్తును తిరస్కరించారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం, ఎస్టీ కనుక 2005 డిసెంబరు 13కు ముందు నుంచే సాగులో ఉన్నట్టు చూపిస్తే చాలు, కానీ ఆయన దగ్గర రసీదు ముక్క కూడా లేదు. నేను చేతులెత్తేశాను. మా సీనియర్ మాత్రం చేను చూసి రమ్మన్నారు. గట్టు పక్కన తాత, తండ్రుల సమాధి రాళ్లు చూపిస్తూ పెద్దాయన, "మావోళ్లు ఈడనే ఉన్నరు గదా సారూ" అని సీనియర్‌తో అన్నారు. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం ప్రకారం శ్మశానాలు, పాత బావులు, పెద్దల వాంగ్మూలం, చదును చేసిన నేల, వేసిన గట్లు అన్నీ సాక్ష్యాలే. కాలేజీలో మేము చట్టం చదివాం, నియమాలు చదవలేదు. ఆ రాళ్ల ఫొటోలతో, ఇద్దరు ముసలివాళ్ల వాంగ్మూలాలతో, తిరస్కరణపై అరవై రోజుల గడువులోపే పై కమిటీకి పిటిషన్ వేశాం. దరఖాస్తును మళ్లీ విచారించాలని ఉత్తర్వు వచ్చింది.

నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చదివితే ఇంకా బాగుండేదా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. కొన్ని విషయాల్లో తప్పకుండా బాగుండేది. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేసే నా మొదటి రిట్ పిటిషన్ ముసాయిదా హైదరాబాద్ సీనియర్ దగ్గర నుంచి ఎర్ర సిరాతో నిండి తిరిగొచ్చింది. అక్కడ చదివిన జూనియర్లు అలాంటిది ఒక సాయంత్రంలో రాయగలరు. నాకు ఆ ఇంగ్లిష్ పట్టుబడడానికి నాలుగేళ్లు పట్టింది. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో రాజ్యాంగ వ్యాజ్యాలే నడపాలనుకునే వారికి, ఆ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో ర్యాంకు వచ్చి ఫీజుకు స్కాలర్‌షిప్ దొరికితే, అక్కడికే వెళ్లమని చెబుతాను. క్లాట్ శిక్షణ కొనుక్కోలేని పిల్లలకు 2010లో మొదలైన ఐడియా సంస్థ సాయం చేస్తుంది.

కానీ అప్పు చేసి వెళ్లవద్దు. ఏటా లక్షల్లో ఫీజు కట్టి చదివిన మనిషి, మనసు ఎంత మంచిదైనా, కిస్తీల కోసం కార్పొరేట్ ఆఫీసు మెట్లు ఎక్కక తప్పదు. నా మూడేళ్ల ఫీజు, పుస్తకాలు అన్నీ కలిపినా ఒక ఎకరం పత్తి పెట్టుబడి దాటలేదు. నేను మొదటి మూడేళ్లు సీనియర్ ఇచ్చిన దారి ఖర్చులతో, ఇంటి బియ్యంతో నెట్టుకు రాగలిగింది అందుకే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సూచించింది, కానీ అది సూచన మాత్రమే. వకీలుగా నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు మించరాదని, ఎస్సీ, ఎస్టీలకు 125 మించరాదని అదే ఏడాది సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మాత్రం నిజమైన ఊరట.

డిగ్రీ అయ్యాక, వేరే ఉద్యోగం చేశాక ఆలస్యంగా ఈ దారికి వచ్చేవారు వెనకాడవలసిన పని లేదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారు వకీలుగా నల్లకోటు వేసుకున్నది 1990ల చివర్లో. మూడేళ్ల కోర్సు ఇలాంటి వారికి సరిగ్గా సరిపోతుంది.

చేరే ముందు ఆ ఏడాదికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకోండి. తర్వాత పనిదినాన కాలేజీకి వెళ్లి లీగల్ ఎయిడ్ క్లినిక్ ఎక్కడని అడగండి. గది చూసి తిరిగి రావద్దు, అర్జీల రిజిస్టరు చూపించమనండి. కిందటి నెల తేదీలతో, వేలిముద్రలతో, ఊళ్ల పేర్లతో పేజీలు నిండి ఉంటే ఇంకేమీ అడగకుండా ఆ కాలేజీలో చేరండి.