ఏసీ డక్టులో అతినీలలోహిత దీపాలు: అమలాపురం ఆసుపత్రిలో ఏడాది వాడిన తరువాత

గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న మా కోనసీమలో గోడలకు చెమ్మ, ఇనుముకు తుప్పు, మూసిన గదికి ముక్కిన వాసన ఎవరూ పిలవకుండానే వస్తాయి. అమలాపురంలో ఒక యాభై పడకల ఆసుపత్రికి నేను నిర్వహణ పనులు చూస్తాను. గాలిని లాగి, వడగట్టి, చల్లార్చి, గదులకు గాలిని మోసే రేకు గొట్టాలైన డక్టుల్లోకి నెట్టే పెద్ద రేకు పెట్టెను మా వాళ్లు ఏహెచ్‌యూ అంటారు. అటువంటివి మాకు రెండున్నాయి, ఒకటి ఐసీయూకు, మరొకటి ఆపరేషన్ థియేటర్‌కు. నిరుడు వానలకు ముందు ఆ రెండింటిలోనూ సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత దీపాలు పెట్టించాము. ఏడాది దాటింది కనుక వాటి బాగోగులు రాస్తున్నాను. అమ్మిన సంస్థ పేరు మాత్రం రాయను. నా ఫిర్యాదుల్లో సగం ఏ సంస్థ సరుకుకైనా వర్తించేవే.

ఇవి తక్కువ పీడనంతో పనిచేసే పాదరసపు దీపాలు. వీటి నుంచి వచ్చే కిరణాల్లో అసలు పని చేసేది 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలది. అది సూక్ష్మజీవి డీఎన్‌ఏను దెబ్బతీసి, మళ్లీ వృద్ధి చెందలేని స్థితికి తెస్తుంది. మామూలు గాజు ఆ కిరణాన్ని ఆపేస్తుంది కాబట్టి దీపపు గొట్టాన్ని క్వార్ట్‌జ్‌తోగాని, ఆ కిరణాన్ని బయటికి పోనిచ్చే ప్రత్యేకమైన గాజుతోగాని చేస్తారు. కంటికి కనిపించే నీలి వెలుగుకు క్రిములను చంపే శక్తి లేదు, చంపే కిరణం కంటికి కనిపించదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే తరువాత మాకు చాలా చిక్కులు వచ్చాయి. బిగించడానికి వచ్చిన కుర్రవాడు మాత్రం పెట్టె విప్పగానే, “ఆయ్, మా హేచరీలో నీళ్లకి పెట్టే లైటే కదండీ ఇది” అన్నాడు. అతను అంతకుముందు కాకినాడ వైపు రొయ్యపిల్లల హేచరీలో పనిచేశాడట. సముద్రపు నీటిని శుద్ధి చేసేందుకు అక్కడ వాడేది ఇదే సూత్రం. వంటింటి నీటి ఫిల్టర్లలో ఉండేదీ ఇదే.

ముందు మంచి చెబుతాను. ఈ దీపాలు తమ ధరకు తగిన పని చేసింది గాలిలో కాదు, పెట్టెలో గాలిని చల్లార్చే లోహపు గొట్టాల వరుస అయిన కాయిల్ మీద. చల్లబడిన కాయిల్ మీదకు మన డెల్టా గాలి వచ్చి తగిలితే నీరు ధారగా కారుతుంది. ఆ నీరు చేరే ట్రేలో, రేకుల సందుల్లో జిగురు పేరుకుని బూజు పడుతుంది. లోగడ వానాకాలంలో నెలకొకసారి మందు నీళ్లు కొట్టి, బ్రష్‌తో రుద్ది, ట్రే గొట్టం పూడిక తీయించేవాళ్లం. అయినా పొద్దున్నే ఫ్యాను వేయగానే ఐసీయూలోకి ముక్కిన బియ్యం డబ్బా మూత తీసినట్టు వాసన కొట్టేది. దీపాలు పెట్టిన మూడు వారాలకు ఆ వాసన పోయింది. ఆశ్వయుజ మాసపు వానల్లో కూడా ట్రే వేలితో తడిమితే జారలేదు. కారణం తేలిక: కాయిల్ కదలదు, రాత్రింబవళ్లు దీపం ఎదుటే ఉంటుంది, కాబట్టి కాంతి బలం తక్కువైనా సరిపోతుంది. కెనడాలోని మాంట్రియల్‌లో కార్యాలయ భవనాల కాయిళ్ల మీద, ట్రేల మీద ఇటువంటి దీపాలే పెట్టి చేసిన ప్రయోగం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాంతి పడిన ఉపరితలాల మీద సూక్ష్మజీవులు 99 శాతం తగ్గాయనీ, ఉద్యోగులకు పనిచోట కలిగే నలతలు కూడా తగ్గాయనీ అందులో తేలింది. మా కాయిల్‌ను చూశాక అది నమ్మదగినదిగానే తోచింది.

కాని అమ్మినవారు మాకు చెప్పింది కాయిల్ గురించి కాదు. “గాలిలోని క్రిములు 99.9 శాతం చచ్చిపోతాయి, రోగి నుంచి రోగికి ఏదీ అంటుకోదు” అన్నారు. ఇక్కడే నేను కాగితం, పెన్ను తీసుకున్నాను. పెట్టెలో గాలి వేగం నిమిషానికి 500 అడుగులు; దీపాల కాంతి పడే చోటు పొడవు రెండు అడుగులు. అంటే ఏ క్రిమి అయినా ఆ వెలుగులో ఉండేది సెకనులో నాలుగో వంతు కంటే ఒకింత తక్కువ. ఎగిరే గాలిని శుద్ధి చేయాలంటే కనీసం పావు సెకను కాంతిలో ఉండాలని అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే చెబుతుంది. ఆ పావు సెకనులోనే చాలినంత మోతాదు పడాలంటే కాయిల్‌కు సరిపోయే దీపాల కంటే ఎన్నో రెట్లు బలమైనవి కావాలి. పైగా చల్లగాలి తగిలితే పాదరసపు దీపం కాంతి తగ్గుతుంది. కాయిల్ దాటిన గాలి తడితో నిండి ఉంటుంది, ఆ తడిలో కొన్ని రకాల క్రిములు ఈ కాంతికి ఓ పట్టాన లొంగవు. క్షయ సూక్ష్మజీవి బాగానే లొంగుతుంది గాని, బూజు విత్తులు మొండివి. ఈ లెక్క అడిగితే, అమ్మడానికి వచ్చినాయన బ్రోచర్‌లో మరో పేజీ తిప్పి చూపించారు.

దీపాలు ఎంత బలమైనవైనా తీరని చిక్కు ఇంకొకటి ఉంది. 1950ల చివర అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ అనే వైద్యుని బృందం క్షయ వార్డు నుంచి వచ్చే గాలిని రెండు గదుల్లోని గినీపందుల దగ్గరకు పంపింది. ఒక గదికి పోయే గాలిని డక్టులోనే ఈ కాంతితో శుద్ధి చేశారు. మామూలు గాలి పీల్చిన జంతువులకు క్షయ సోకింది, శుద్ధి చేసిన గాలి పీల్చినవాటికి సోకలేదు. డక్టు దీపాలు అమ్మేవారికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ గినీపందులు డక్టు అవతలి చివర ఉన్నాయి, పక్క మంచం మీద కాదు. మా ఐసీయూలో ఒకరు దగ్గితే ఆ గాలి పైకప్పు జాలీ చేరి, పెట్టెలోకి పోయి, దీపం కింద నడిచేలోపు పక్కన నిలబడిన నర్సు నాలుగు సార్లు ఊపిరి తీస్తుంది. డక్టులోని దీపం ఒక గది జబ్బు మరో గదికి పాకకుండా ఆపగలదు, గది లోపల జరిగేదానిని ఆపలేదు. ఆపరేషన్ థియేటర్‌లో దీపాలకు ముందూ తరువాతా గాలిలోంచి పడే క్రిములను పెంచి లెక్కించే పెట్రీ ప్లేట్లు పెట్టి చూశాము, తేడా కనిపించలేదు. అక్కడ హెపా అనే అతి సన్నని వడపోత ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం ముందే పట్టేస్తోంది, ఇక దీపానికి మిగిలింది ఏముంది?

బిగింపు విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. పెట్టె తలుపు తీయగానే దీపాలు ఆరిపోయే స్విచ్ తప్పనిసరిగా ఉండాలి. మాకు ఇచ్చినదానిలో లేదు, “తరువాత పంపిస్తాం” అన్నారు. ఈలోగా మా ఏసీ మెకానిక్ ఫ్యాను బెల్టు చూడటానికి తలుపు తీసి నిమిషంపాటు లోపల తల పెట్టాడు. అప్పుడు ఏమీ అనిపించలేదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీరు. రెండు రోజుల్లో తగ్గింది కాబట్టి బతికిపోయాము. స్విచ్ మర్నాడే మేమే కొని పెట్టించాము, ఫిర్యాదుకు జవాబు నెలకు వచ్చింది. కాంతి పడిన చోట ఫిల్టర్ ఫ్రేము రబ్బరు పట్టీ, మామూలు వైరు తొడుగు ఎండిన కొబ్బరి మట్టలా పెళుసై రాలాయి. వాటిని రేకు తొడుగులతో కప్పాలని ముందే చెప్పవలసిన బాధ్యత అమ్మినవారిదే. ఉప్పుగాలికి, దీపానికి పోయే కరెంటును అదుపు చేసే బ్యాలస్ట్ కనెక్షన్లు రెండు తుప్పు పట్టాయి, అది మాత్రం వారి తప్పు కాదు.

దీపం ఆయువు సుమారు 9,000 గంటలు, అంటే ఆపకుండా వెలిగితే ఏడాది. ఆ తరువాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, చంపే కిరణం మాత్రం తగ్గిపోతుంది. ఇది మా అకౌంట్స్ గుమాస్తా గారికి నచ్చజెప్పడానికి రెండు సమావేశాలు పట్టాయి. “వెలుగుతూనే ఉంది కదండీ” అన్నది ఆయన వాదన. కాంతిని కొలిచే మీటరు ఉంటే ఈ తగువు ఉండదు, కొనేటప్పుడే అడగండి. కోతల కాలంలో రైస్ మిల్లుల ఊక బూడిద ముందు ఫిల్టర్ దాటి గొట్టాల మీద పొరగా చేరుతుంది. నెలకొకసారి స్పిరిట్ అద్దిన గుడ్డతో, చేతి తొడుగులు వేసుకుని తుడవాలి. తీసేసిన దీపాల్లో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని చెత్తబండిలో వేయకూడదు.

ఐసీయూ పెట్టెకు ఈ ఏడాది కొత్త దీపాలు వేయించాను, కాయిల్ కోసం. థియేటర్ పెట్టెకూ వేయించాను గాని, తలుపు స్విచ్ పరీక్షించాకే బిల్లు మంజూరు చేశాను. అదే సంస్థ ఈమధ్య మళ్లీ వచ్చి, దగ్గు రోగులు కూర్చునే ఓపీ హాలులోని స్ప్లిట్ ఏసీలలో కూడా చిన్న దీపాలు పెడతామంది. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప బయటిది తేదు. క్షయ సోకే చోట గది పైభాగంలో, మనుషుల తల కంటే ఎత్తున కాంతి పరిచే దీపాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో సూచించింది గాని, ఏసీ పెట్టెలో దూర్చే ఈ దీపాల సంగతి వేరు. మా హాలు పైకప్పు మరీ కిందికి ఉండటంతో ఆ పైదీపాలు కుదరలేదు. తూర్పు గోడకు మూసివేసి ఉన్న రెండు కిటికీల ప్లైవుడ్ పీకించి, ఎదుటి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాము. ఏసీ చల్లదనం తగ్గిందని మొదటి వారం రోగులు గొణిగారు.