ఆంకీడ్రాయిడ్‌తో జపనీస్ వ్యాకరణం: డెక్ తెలుగులో ఉంటేనే దమ్ము

ప్రశ్న-జవాబు కార్డులను గుర్తుండిపోయేలా మళ్లీ మళ్లీ చూపించే యాప్ ఆంకీడ్రాయిడ్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇది పూర్తిగా ఉచితం. ప్రకటనలు రావు, కార్డులు ఫోన్‌లోకి దిగాక నెట్ కూడా అక్కర్లేదు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ వచ్చేలోపు ఆ రోజు రివ్యూలు (పాత కార్డులు మళ్లీ చూడటం) అయిపోతాయి. ఐఫోన్ వాళ్లకు మాత్రం అసలు యాప్ డబ్బులు పెట్టి కొనుక్కోవాల్సిందే. పేరులో ఆంకి అని పెట్టుకున్న వేరే యాప్‌లు కూడా స్టోర్లలో ఉన్నాయి, దించుకునే ముందు చూసుకోండి.

యాప్‌కు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. హన్మకొండ, వరంగల్‌లో ఇంటి నుంచే జపనీస్ ఆన్‌లైన్ క్లాసులు వినేవాళ్లు దెబ్బతినేది డెక్ (కార్డుల కట్ట) దగ్గర. తయారుగా దొరికేవన్నీ దాదాపు ఇంగ్లిష్ అర్థాలతో ఉంటాయి. "కాజీపేట కర వరంగల్ మదె దెన్ష దె ఇకిమసు" అంటే కాజీపేట నుంచి వరంగల్ దాకా రైల్లో వెళ్తాను. ఒక్క మాట కూడా చోటు మారలేదు. దీన్ని ఇంగ్లిష్ మీదుగా చదివితే వాక్యాన్ని ఒకసారి తిరగేసి, మళ్లీ తిరగేయాలి. "తబెతె మిరు" అంటే తిని చూడటం, "కత్తె ఒకు" అంటే ముందే కొని పెట్టుకోవడం. "మిరు" అంటే చూడటమే, "ఒకు" అంటే పెట్టడమే. మనకు పుట్టుకతో వచ్చిన ఈ వాక్య నిర్మాణాన్ని వదిలేసి నియమాలు బట్టీపట్టడం ఎందుకు? ఒక్క జాగ్రత్త: "వాడు నాకు కొనిపెట్టాడు" అనేటప్పుడు "ఒకు" రాదు, "కత్తె కురెత" అవుతుంది.

తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, కార్డులు ఎక్కువ చేసుకోవాల్సింది వాటికే. అన్నిటికంటే పెద్దది మన "లో". లైబ్రరీలో చదువుతాను అంటే "తొషొకన్ దె బెన్క్యో షిమసు". లైబ్రరీలో ఉన్నాను అంటే "తొషొకన్ ని ఇమసు". పని జరిగే చోటుకు "దె", ఉనికికి "ని". ఇంతవరకు క్లాసులో చెప్తారు. మూడోది చాలామంది వదిలేస్తారు: హన్మకొండలో హోటల్ ఉంది అంటే "ని", హన్మకొండలో పెళ్లి ఉంది అంటే "దె". రెండు వాక్యాల చివరా "అరిమసు"యే, కానీ పెళ్లి జరిగేది, హోటల్ ఉండేది. ఈ నాలుగు వాక్యాలకూ విడివిడిగా కార్డులు ఉండాలి. తర్వాతి వరసలో "స్నేహితుణ్ణి కలిశాను". మన "ని/ణ్ణి" చూసి కర్మను చూపే "ఒ" పెట్టేస్తారు, అక్కడ రావాల్సింది "తొమొదచి ని ఐమషిత". "నాకు చాయ్ ఇష్టం"లో "కు" ఉంది కదా అని "వతషి ని" అనకూడదు, "వతషి వ ఒచ గ సుకి దెసు" అనాలి.

కార్డు చేసే పద్ధతి: కొత్త నోట్ తెరిచి రకం "క్లోజ్" (Cloze, ఖాళీ పూరించే కార్డు) ఎంచుకోండి. వాక్యం జపనీస్ లిపి హిరగానలోనే రాయండి, తెలుగు లిపిలో వద్దు. మన లిపిలో దీర్ఘాలు, ఒత్తులు చక్కగా పలుకుతాయి కాబట్టి ఆశ పుడుతుంది, కానీ అలా అలవాటైతే 46 హిరగాన అక్షరాలు ఎప్పటికీ కంటికి అలవాటు కావు. పార్టికల్‌ను ("దె", "ని" లాంటి చిన్న మాటను) సెలెక్ట్ చేసి క్లోజ్ బటన్ నొక్కితే ఖాళీ తయారు. జవాబు వెనకే రెండు కోలన్లు పెట్టి "పని జరిగే చోటు" లాంటి సూచన రాస్తే ఖాళీలో అదే కనిపిస్తుంది. రెండు వారాల తర్వాత ఆ సూచన తీసేయండి, లేకపోతే వాక్యం చదవకుండా సూచనకే జవాబు చెప్పడం మొదలవుతుంది. తెలుగు వాక్యం వెనక వైపు పెట్టండి. వాక్యానికి ఒకే ఖాళీ. రెండు పెడితే ఒక కార్డు రెండోదాని జవాబు బయటపెడుతుంది.

సెట్టింగుల్లో ముందు మార్చాల్సింది రోజుకు కొత్త కార్డుల సంఖ్య. మామూలుగా 20 ఉంటుంది. అలాగే వదిలేస్తే కొన్ని వారాల్లో రివ్యూలు రోజుకు 150 దాటిపోయి, జనం యాప్ తీసేసేది అక్కడే. వ్యాకరణానికి 6 చాలు. ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ (కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో లెక్కగట్టే పద్ధతి) ఆన్ చేయండి, గుర్తుండే శాతం 0.90 అలాగే ఉంచండి. మరిచిపోయిన కార్డుకు "హార్డ్" నొక్కకండి. ఆ బటన్ అంటే కష్టపడి గుర్తొచ్చిందని లెక్క. మరిచిపోయి కూడా అది నొక్కితే కార్డు దూరం జరుగుతుంది, మొత్తం లెక్క తప్పుతుంది. మరిచిపోతే "అగెయిన్" ఒక్కటే.

ఇంకో ఇబ్బంది చాలామంది కంట పడదు. ఫోన్ భాషల జాబితాలో జపనీస్ లేకపోతే కొన్ని కాంజీలు (చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాలు) చైనా రూపంలో కనిపిస్తాయి. బాగుచేయడం అనే "నఒసు" క్రియకు వాడే కాంజీ ఇలాంటిదే. ఫోన్ సెట్టింగుల్లో భాషలకు వెళ్లి జపనీస్‌ను రెండో భాషగా చేర్చండి, చాలావరకు సరవుతుంది.

ఈ యాప్ పాఠం చెప్పదు. అర్థం కాని వ్యాకరణాన్ని కార్డు చేస్తే అర్థం కానిదే బాగా గుర్తుంటుంది. వినికిడి కూడా దీనితో తీరదు. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మొదటి మెట్టు ఎన్5లో 180కి 80 వస్తే పాస్ అంటారు గానీ, భాష-పఠనంలో 120కి 38, వినికిడిలో 60కి 19 విడివిడిగా రావాలి. రెండో దాంట్లో 18 వస్తే మొత్తం ఎంత వచ్చినా ఫెయిలే. జపాన్‌లో పని చేయడానికి ఇచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా కోసం దాని పై మెట్టు ఎన్4 లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో భాషా పరీక్ష రాసేవాళ్లు వినికిడికి వేరే టైం కేటాయించుకోవాలి.

జపాన్ వాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్పే మన టీచర్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో "ఎ", "ద" లాంటివి తెలుగులోనూ లేవు, జపనీస్‌లోనూ లేవు. విద్యార్థి ఎక్కడ తడబడతాడో టీచరుకు ముందే తెలుస్తుంది. ఆ రెండు మాటలకు ఖాళీలు పెట్టి, విద్యార్థి రాసిన వాక్యాలతోనే డెక్ చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్ పంపితే సరిపోతుంది. పంపేటప్పుడు షెడ్యూల్ వివరాలు చేర్చే టిక్ తీసేయండి, లేకపోతే మీ రివ్యూ తేదీలు వాళ్ల ఫోన్‌లోకి వెళ్తాయి.