స్పానిష్ రికార్డెడ్ కోర్సు కొనేముందు జాగ్రత్త: 'గ్రాసియాస్' దగ్గరే తప్పు నేర్పారు

ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకోవాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. 'తెలుగువాళ్లకు ప్రత్యేకం' అని అమ్ముతున్న ఒక రికార్డెడ్ కోర్సుకి యూపీఐలో 3,499 రూపాయలు కట్టాను. రెండు నెలలు తప్పు ఉచ్చారణే నేర్చుకున్నాను.

వాళ్ల చిట్కా ఇదీ: స్పానిష్ మాటను తెలుగులో రాసి, అక్షరాలు లెక్కపెట్టి, చివరి నుంచి రెండోదాన్ని నొక్కి పలకండి. చాలా సులువుగా అనిపించి నమ్మేశాను. కానీ థాంక్స్ అని అర్థమిచ్చే గ్రాసియాస్‌ని తెలుగులో రాస్తే గ్రా-సి-యాస్, మూడు. స్పానిష్‌లో గ్రా-స్యాస్, రెండే సిలబుల్స్ (ఒక్కసారిగా పలికే ముక్కలు). నొక్కాల్సింది 'గ్రా'ని, మేం 'సి'ని నొక్కేవాళ్లం. ఇ, ఉ అచ్చులు అ, ఎ, ఒల పక్కన వస్తే మామూలుగా కలిసిపోయి ఒకే సిలబుల్ అవుతాయన్న ముక్క కోర్సులో ఎక్కడా లేదు. ఎన్, ఎస్ కాకుండా వేరే హల్లుతో ముగిసే మాటల్లో చివరి సిలబుల్‌ని నొక్కాలనీ (ఆబ్లార్ అంటే మాట్లాడటం, ఒస్పిటాల్ అంటే ఆసుపత్రి) చెప్పలేదు.

అంతకంటే ఘోరం, పీడీఎఫ్‌లో అచ్చుల మీద ఉండాల్సిన, ఎక్కడ నొక్కాలో చూపే టిల్డే గీతలు ఒక్కటీ లేవు. మందుల షాపుని ఫార్-మా-స్యా అంటారు, మూడు సిలబుల్స్. పోలీసుని పో-లి-సీ-యా అంటారు, నాలుగు. స్పానిష్‌లో రాస్తే రెండిటి చివరా అవే అక్షరాలు. రెండోదాంట్లో ఇ మీద గీత ఉంది కాబట్టే అది పక్క అచ్చు నుంచి విడిపోయింది. గీత తీసేస్తే కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది?

కొలంబియా ట్యూటర్‌తో మొదటి క్లాసులో మా అమ్మ గురించి చెబుతూ 'నిన్న డాక్టర్‌తో మాట్లాడింది' అనబోయాను. 'ఆబ్లో'లో చివర నొక్కాలి. నేను ముందు నొక్కాను, అది 'మాట్లాడతాను' అయిపోయింది. ఆవిడ 'ఎవరు, నువ్వా?' అని అడిగారు. రెండు నెలల కష్టం వృథా అని అప్పుడు అర్థమై చాలా బాధేసింది.

వారంలోపు అడిగితేనే డబ్బు వాపసట. ఉచ్చారణ పాఠాలేమో మూడో వారంలో గానీ తెరుచుకోవు! మెయిల్ పెడితే పాలసీ ఒప్పుకోదన్నారు.

ఏ కోర్సు అయినా ముందు శాంపిల్ పీడీఎఫ్ అడగండి. పరీక్ష అనే మాట చూడండి: 'ఎక్సామెన్' ఏకవచనంలో గీత ఉండదు, బహువచనం 'ఎక్సామెనెస్'లో 'సా' మీద ఉండాలి. మిగతా మాటలు రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువులో సరిచూసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఉచితం.

ఇలాంటి కోర్సు కొని ఇంకా వారం దాటనివాళ్లు ఈరోజే వాపసు అడగండి. పేమెంట్ స్క్రీన్‌షాట్‌తో పాటు వాపసు షరతులున్న పేజీది కూడా తీసి పెట్టుకోండి.